చందుర్తి యుద్ధం: ఫోర్డ్ ఉత్తరాలను తెలుగులోకి తేవాలి

సంపాదకులకు నమస్కారం.

1758లో ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్యాల మధ్య జరిగిన చందుర్తి యుద్ధం మీద మీ పత్రిక జిల్లా పేజీల్లో వచ్చిన కథనం చదివాను. గొల్లప్రోలు పక్కన ఉన్న ఆ ఊరిని గుర్తు పెట్టుకుని రాసినందుకు సంతోషం. కానీ ఎవరు ధైర్యంగా నిలబడ్డారు, ఎవరు వెనకాడారు, ఎవరు మాట తప్పారు అన్నదంతా గెలిచిన ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ వైపు నుంచి వచ్చిన కథే. ఆ ముక్క కథనంలో ఎక్కడా లేదు. బడి పిల్లలు ప్రాజెక్టు వర్కుకు ఇలాంటివే కత్తిరించి అంటించుకుంటారు కాబట్టి ఈ విషయం తేలిగ్గా వదిలేయలేను.

1753లో హైదరాబాద్ నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తా జిల్లాలను, ఫ్రెంచివాళ్ళకు రాసిచ్చాడు. 1758లో ఫ్రెంచి గవర్నరు లాలీ దొర తమ సేనాని బుస్సీని వెనక్కి పిలిపించాక, విజయనగరం ఆనందరాజు విశాఖపట్నంలో ఫ్రెంచివాళ్ళను వెళ్ళగొట్టి బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ పెద్ద క్లైవుకు కబురు పెట్టాడు. క్లైవ్ కలకత్తా నుంచి ఫోర్డును ఓడల మీద పంపాడు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయి రాజమండ్రి మీదుగా మచిలీపట్నం పారిపోయాడు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా పడింది. గోదావరి జిల్లాల్లో కంపెనీ పెత్తనానికి పునాది పడింది ఇక్కడే.

చందుర్తికి దాదాపు రెండేళ్ళ ముందే, 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. అక్కడా తెల్ల సేనాని ఉన్నాడు, బుస్సీ. కానీ బొబ్బిలిని మనం బుస్సీ కాగితాల్లోంచి తెలుసుకోలేదు. బుర్రకథల్లో విన్నాం, తాండ్ర పాపారాయుడి పేరు చంటిపిల్లాడికీ తెలుసు. చందుర్తికి ఆ అదృష్టం పట్టలేదు. ఆ యుద్ధం కథ పాడేవాళ్ళు మా ప్రాంతంలో నాకైతే తారసపడలేదు. పాట లేని చోట సేనాని ఉత్తరమే మిగిలింది. అందుకే దాన్ని మరింత జాగ్రత్తగా చదవాలి.

ఉత్తరాలకు విలువ లేదని నేననడం లేదు. రేపేం జరుగుతుందో తెలియకుండా రాసినవి అవి, తర్వాత తీరిగ్గా రాసుకున్న జ్ఞాపకాలు కావు. ముఖ్యంగా డబ్బు సంగతుల్లో వాటికి మించిన సాక్ష్యం దొరకదు. సైన్యం ఖర్చుకు ఆనందరాజు నెలకు 50,000 రూపాయలు ఇవ్వాలన్నది ఒప్పందం. గెలిచాక ఆ డబ్బు రాలేదు. జీతాలు లేవు, సైన్యం కదల్లేదు, వారాలు గడిచిపోయాయి. చివరికి రాజు ఇచ్చేది అప్పుగా లెక్కకట్టాలని, గోదావరి అవతల గెలిచిన సీమల రాబడి చెరిసగం పంచుకోవాలని మళ్ళీ రాసుకున్నారు. మచిలీపట్నం ముట్టడిలో ఫోర్డ్ సొంత తెల్ల సైనికులే డబ్బు కోసం ఎదురుతిరిగారు. తనకు తలవంపులు తెచ్చే ఇలాంటి విషయాన్ని ఏ సేనాని అయినా ఒప్పుకుంటే దాన్ని ఎక్కువగా నమ్మాలి.

ఎదుటివాడి మనసులో ఏముందో చెప్పేటప్పుడు మాత్రం అంత నమ్మకం పనికిరాదు. ఇంగ్లీషు చరిత్రల్లో ఈ యుద్ధానికి ఒక కీలకమైన ఘట్టం ఉంది. ఏపుగా పెరిగిన చేను అడ్డం వచ్చి ఇంగ్లీషు పటాలం కనిపించలేదట. ఎర్ర కోట్లు తొడుక్కున్న బెంగాల్ సిపాయిలనే తెల్లవాళ్ళనుకుని ఫ్రెంచివాళ్ళు వాళ్ళ మీద పడ్డారట. సిపాయిలు చెదిరిపోయారు, అప్పుడు చేను చాటు నుంచి అసలు పటాలం బయటికొచ్చి దెబ్బ తీసింది. చదవడానికి బాగుంది, నిజమూ కావచ్చు. కానీ ఫ్రెంచివాళ్ళు ఏమనుకున్నారో చేను ఇవతల ఉన్నవాళ్ళకు ఆ నిమిషంలో ఎలా తెలుస్తుంది? తర్వాత ఖైదీలు చెప్పారా, గెలిచాక వీళ్ళే ఊహించుకున్నారా? కాన్‌ఫ్లాన్స్ వైపు కాగితాలు పక్కన పెట్టి చూస్తే తప్ప తేలదు. ఆ చేను ఏ రైతుదో, ఆ పంటకు ఎవరైనా పరిహారం ఇచ్చారో అడిగినవాళ్ళే లేరు. నాకు ఎక్కువ బాధ అక్కడే.

ఆనందరాజు సంగతీ అంతే. ఇంగ్లీషు లెక్క ప్రకారం ఫోర్డ్ దగ్గర 470 మంది తెల్లవాళ్ళు, 1900 మంది సిపాయిలు. వాళ్ళ పక్కన రాజు మనుషులు వేలల్లో ఉన్నారు. అయినా వాళ్ళను ఎందుకూ కొరగాని మందలా చూపించారు. ఆలస్యమంతా రాజు పిసినారితనం వల్లే అన్నారు. ఫోర్డుకు క్లైవ్ దగ్గర సమాధానం చెప్పుకోవాల్సిన అవసరం ఉంది. అతను ఇంగ్లండు రాజుగారి సైన్యంలో ఉద్యోగం వదులుకుని కంపెనీలోకి వచ్చినవాడు, పైవాళ్ళ మెప్పు మీదే అతని బతుకు ఆధారపడింది. ఉత్తరం ఎవరికి రాశాడన్నది చూడకుండా అందులో ఉన్న నిందను మనం ఎత్తుకోకూడదు.

అధికారిక కాగితం కూడా ఎప్పుడూ ముందు పుట్టదు. 1759 చివర్లో డచ్చివాళ్ళతో యుద్ధానికి ఆర్డరు అడిగితే, పేకాటలో ఉన్న క్లైవ్ ‘వెంటనే పోరాడు, కౌన్సిల్ ఉత్తర్వు రేపు పంపుతా’ అని ఇదే ఫోర్డుకు చీటీ రాశాడని చెబుతారు. దస్త్రంలో ఉత్తర్వు ఒక్కటే చూసినవాడికి ఆ రోజు ఏం జరిగిందో ఏం తెలుస్తుంది?

నా విన్నపం ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి, పురావస్తు శాఖకు, మీ పత్రికకు కూడా. ఆ నెలల్లో ఫోర్డ్ రాసిన ఉత్తరాలు, అతనికి వచ్చిన జవాబులు తేదీల వరసలో తెలుగులో రావాలి. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోను, చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లోను కంపెనీ దస్త్రాలున్నాయి. ఫ్రెంచి కాగితాలు చదవగలవాళ్ళు మన పక్కనే యానాంలో ఉన్నారు, వాళ్ళను పిలవండి. పుదుచ్చేరి సంగతులకు ఆనందరంగ పిళ్ళై తమిళ డైరీ ఉంది. కంపెనీ సర్వేయరు మెకంజీ కోసం మన ఏలూరు కావలి సోదరులు, వాళ్ళ మనుషులు సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు ఉన్నాయి. అవి యుద్ధం జరిగిన నలభై ఏళ్ళకో ఇంకా తర్వాతో రాసినవి, వాటి లోపాలు వాటికున్నాయి. అయినా కరణాలు చెప్పిన మాట అందులో ఉంది.

ఈలోగా చందుర్తి మీద ఎవరు ఏం రాసినా, ఊళ్ళో బోర్డు పెట్టినా, ‘ఇంగ్లీషువారి కథనం ప్రకారం’ అన్న మాట చేర్చండి. ఫోర్డ్, కాన్‌ఫ్లాన్స్ పేర్లతో పాటు ఆనందరాజు పేరు కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రామచంద్రపురం