కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ‘లెవల్’ చర్చలు

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టిక విడిగా అందజేశాం. వీధి దీపాలు, చెత్త బండి సమస్యలు చాలావరకు తీరాయి. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు నెలవారీ సమావేశాల్లో ‘లెవల్’ మీద సాగిన చర్చలకు ఇస్తున్నాం. మన కాలనీలో మేస్త్రీలు, బోరు మెకానిక్‌లు, ల్యాబ్ టెక్నీషియన్లు, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవారు ఉన్నారు. అందరూ రోజూ వాడే మాటే ఇది. కొలత ఎక్కడ మొదలవుతుందనేది మాత్రం ఎవరి పనిని బట్టి వారికి మారుతుంది.

ఇదంతా మురుగు కాలువ దగ్గర మొదలైంది. కొత్త సైడు కాలువలో నీళ్లు నిలిచి దోమలు చేరాయి. కట్టినవాళ్లను అడిగితే “లెవల్‌గానే కట్టాం” అన్నారు. రసమట్టం పెట్టి చూస్తే నిజమే. కానీ కాలువకు కావలసింది వాటం. మన మేస్త్రీలు లెవల్ పైపు (నీళ్లు నింపిన పారదర్శక గొట్టం) తెచ్చి, ఎటు ఎంత దించాలో గోడల మీద గుర్తులు పెట్టి చూపించారు. రసమట్టంలో బుడగ నడుమకు వస్తేనే కొలత సరి. లెవల్ పైపులో బుడగ మిగిలితే కొలతే తప్పు. చర్చలన్నిటిలో పిల్లలు బాగా ఇష్టపడింది దీన్నే. కాలువ అడుగును మళ్లీ పోయించాం.

వానాకాలంలో నాగార్జునసాగర్ మీద మాట్లాడుకున్నాం. “590 అడుగులు నిండింది” అని వార్త వస్తే అంత లోతు నీళ్లున్నాయని చాలామంది అనుకుంటున్నారు. అది సముద్రమట్టం నుంచి లెక్క. పునాది నుంచి డ్యామ్ ఎత్తే 124 మీటర్లు, అంటే సుమారు 407 అడుగులు.

బోరు దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ నేల మీది నుంచి కిందికి కొలుస్తారు. భూగర్భ జలమట్టం 8 మీటర్ల నుంచి 12కు చేరిందంటే నీళ్లు నాలుగు మీటర్లు దిగిపోయినట్టు. కొత్త బోరు వేయాలనుకునేవారు అంకె పెరిగిందని సంబరపడకుండా ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఫ్లోరైడ్ లెవల్ గురించి మాట్లాడిన రోజు ఎవరూ మధ్యలో లేవలేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగిన నల్లగొండ జిల్లా మనది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. ఈ లెవల్ కంటికి కనిపించదు, రుచిలో తెలియదు. నీళ్లు కాచినా తగ్గదు. ఆవిరి పోయేకొద్దీ మిగిలిన నీటిలో గాఢత పెరుగుతుంది. మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా కొన్ని ఇళ్లలో ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారు. దయచేసి పరీక్ష చేయించండి.

షుగర్ లెవల్ మీద చర్చ చిన్నదే. పరగడుపున 126, ఆపైన వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తిన్నాక తీసిన అంకెను దీనితో పోల్చి టెన్షన్ పడొద్దు.

వచ్చే ఏడాది బోర్లున్న ఇళ్లన్నిటికీ ఒక రిజిస్టర్ పెడుతున్నాం. వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి నీటి లోతు, ఫ్లోరైడ్ రాయాలి. ప్రతి అంకె పక్కన ఎక్కడి నుంచి కొలిచారో, ఏ తేదీన కొలిచారో తప్పక ఉండాలి. బోరు కొలవడానికి ముందుకొచ్చేవారు కార్యదర్శి దగ్గర పేరు ఇవ్వగలరు.

కార్యవర్గం
నల్లగొండ