కొవ్వు శాతం చీటీలో రాయని సంగతులు

సంపాదకులు గారికి, నమస్కారాలు.

ఈ మధ్య ఒక ఆదివారం మా ఊరి పార్కులో ఉదయపు నడకకు వచ్చేవారి కోసం ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టారు. చెప్పులు విడిచి తూకపు యంత్రం మీద నిలబడితే చాలు, బరువుతో పాటు కొవ్వు శాతం, కండ బరువు, నీటి శాతం, ఆఖరికి ‘శరీర వయసు’ కూడా చీటీ మీద అచ్చయి వస్తున్నాయి. నడక మొదలుపెట్టకముందు నాకు 31 శాతం కొవ్వు ఉందని వచ్చింది. నాలుగు చుట్లు తిరిగి, ఒళ్లంతా చెమటతో వచ్చి మళ్లీ ఎక్కితే 29 అంది. 72 కిలోల మనిషికి ముప్పావుగంటలో ఒకటిన్నర కిలోల కొవ్వు కరిగిపోయిందన్నమాట! నా వెనక నిలబడ్డ రైతుకు అసలు అంకే రాలేదు; పగుళ్లు బారిన ఆయన మడమలను తడిగుడ్డతో తుడిపించాక గానీ యంత్రం పలకలేదు. యంత్రం పక్కనే బల్ల మీద ప్రొటీన్ పొడి డబ్బాలు పేర్చి ఉన్నాయి. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాడిగా ఈ కొలత గురించి తెలిసిన నాలుగు మాటలు పాఠకులతో పంచుకోవాలనిపించింది.

ఈ పద్ధతిని బయోఎలక్ట్రికల్ ఇంపెడెన్స్ అంటారు. మనకు తెలియనంత స్వల్పమైన ఏకాంతర విద్యుత్తును, సాధారణంగా ఒక మిల్లీ ఆంపియర్‌కు లోపు, 50 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో ఒంట్లోకి పంపి ఎంత నిరోధం ఎదురైందో చూస్తారు. లవణాలు కరిగిన నీరు నిండుగా ఉండే కండరం గుండా విద్యుత్తు సులువుగా సాగుతుంది, కొవ్వు గుండా సాగదు. మనిషి ఎత్తు వర్గాన్ని ఆ నిరోధంతో భాగించి, వయసు, స్త్రీ పురుష భేదం, బరువు కలిపిన సమీకరణంతో ఒంట్లో నీరెంతో అంచనా కడతారు. కొవ్వు పోగా మిగిలిన దేహంలో సుమారు 73 శాతం నీరేనన్న ఊహతో కొవ్వు లేని బరువును రాబడతారు. దాన్ని మొత్తం బరువులోంచి తీసేస్తే మిగిలేది కొవ్వు. యంత్రం నిజంగా కొలిచింది నిరోధాన్ని మాత్రమే. నడిచి వచ్చాక చర్మం వేడెక్కి, రక్తప్రసారం పెరిగి నా నిరోధం తగ్గింది, అందుకే కొవ్వూ తగ్గినట్టు కనిపించింది. ఇక ‘శరీర వయసు’ అనేదానికి వైద్యులందరూ ఒప్పుకున్న నిర్వచనమే లేదు.

రెండు పాదాలతో మాత్రమే నిలబడే యంత్రాలతో మరో చిక్కు ఉంది. విద్యుత్తు ఒక కాలి గుండా ఎక్కి మరో కాలి గుండా దిగిపోతుంది కాబట్టి నడుము పైభాగం సంగతి చాలావరకు సమీకరణం ఊహించేదే. చేతులకూ ఎలక్ట్రోడ్లు (విద్యుత్తును పంపే లోహపు పలకలు) పెట్టే యంత్రాలు ఇంతకంటే నయమే అయినా, శరీర బరువులో దాదాపు సగం ఉండే మొండెం లావుగా, పొట్టిగా ఉండటం వల్ల మొత్తం నిరోధంలో దాని వాటా పదో వంతు ఉంటే గొప్ప. మనవాళ్లకు మధుమేహం ముప్పు తెచ్చే కొవ్వు చేరేది సరిగ్గా ఆ బొజ్జలోనే. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే అంకె) 22.3, ఎక్స్‌రేలతో ఒంట్లో కొవ్వును కొలిచే డెక్సా స్కానింగులో మాత్రం ఇంగ్లండు ఆయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం కొవ్వు తేలింది. కాబట్టి బరువు ఒక్కటే చూస్తే చాలదన్న మాట నిజమే. కానీ పాశ్చాత్యుల దేహాలను కొలిచి కట్టిన సమీకరణంతో మనల్ని లెక్కగడితే ఆ తేడా మళ్లీ మరుగున పడిపోతుంది. టైలరు టేపుతో కొలిచిన నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిందా అన్న ప్రశ్నకు యంత్రమూ అక్కర్లేదు, చీటీ అక్కర్లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే సంగతి. మూత్రపిండాల జబ్బుతో పాదాలు వాచిన మా వీధి పెద్దాయన ఒకరు అదే శిబిరంలో యంత్రమెక్కారు. ఆయన చీటీలో కండరాలు ‘చాలా బాగున్నాయి’ అని వచ్చింది. కాళ్లలో చేరిన నీటిని యంత్రం కండగా లెక్కవేసిందని చెబితే, ‘కంప్యూటరే చెప్పింది కదా మాస్టారూ’ అని నవ్వేశారు. విచిత్రమేమిటంటే ఇదే సూత్రం మీద, అనేక పౌనఃపున్యాలతో పనిచేసే పరికరాలను డయాలసిస్ కేంద్రాల్లో రోగి ఒంట్లో ఎంత నీరు అదనంగా ఉందో తెలుసుకోవడానికే వాడుతున్నారు. నీటి గురించి అడిగితే ఈ విద్యుత్తు బాగానే జవాబిస్తుంది. వృద్ధుల్లో కండ క్షీణతను గుర్తించడానికి కూడా ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఈ పద్ధతితో వచ్చే కండ అంకె ఎంతకు తగ్గితే క్షీణతగా అనుమానించాలో హద్దులు నిర్ణయించింది, అయితే దానితో పాటు పిడికిలి బలాన్నీ నడక వేగాన్నీ చూడాలంది.

అందువల్ల ఈ యంత్రాలను మూలన పెట్టాలని నేను అనను. పరగడుపున, మూత్రవిసర్జన చేశాక, వ్యాయామానికి ముందు, ఎప్పుడూ అదే యంత్రం మీద నెలకోసారి చూసుకుంటే మార్పు ఎటువైపు సాగుతోందో కొంత తెలుస్తుంది. శిబిరాలు పెట్టేవారు చీటీ మీద ఓముల్లో (నిరోధాన్ని కొలిచే ప్రమాణం) అసలు నిరోధమెంతో, సమీకరణం ఏ జనాభా ఆధారంగా కట్టిందో అచ్చువేయాలి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వంటివి మన జనానికి తగిన సమీకరణాలను, మామూలు మనిషికి అర్థమయ్యే సూచనలను తెలుగులో అందుబాటులో ఉంచితే మేలు. కాళ్లు వాచినవారిని యంత్రం దగ్గరి నుంచి డాక్టరు దగ్గరికి పంపాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ యంత్రం ఎక్కకూడదు కాబట్టి ఆ సంగతి చెప్పులు విడవకముందే అడగాలి. మా పార్కులో నేనున్న రెండు గంటల్లో ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కాకినాడ