ఫిర్యాదు: 10 ఎంఎం తూటాను తట్టుకోలేని పిస్తోలు అమ్మినందుకు

డెంటన్ కౌంటీ, టెక్సస్

మేనేజరు గారికి,

విషయం: మీ దుకాణంలో కొన్న 10 ఎంఎం పిస్తోలు ఫ్రేము పగలడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మన తెలుగు సంఘం ఉగాది సంచికలో మీ ప్రకటన తెలుగులోనే వేశారు. అది చూసే మీ దగ్గరకు వచ్చాను. అందుకే ఈ ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను.

నాకు ఊరి బయట ఆరెకరాల నేల ఉంది. అడవి పందులు రాత్రిళ్లు వచ్చి దున్నేసి పోతున్నాయి. మా నాన్నగారు అనంతపురంలో వేరుశనగ చేనుకు మంచె వేసుకుని, డబ్బాలు మోగించి పందులను తోలేవారు. ఇక్కడి పందులు డబ్బాలకు బెదరవు. రైఫిలు ఎలాగూ ఉంది. పొదల్లో పంది ఎదురైతే నడుముకు ఉండే పిస్తోలు కూడా గట్టిదై ఉండాలని 10 ఎంఎం (పది మిల్లీమీటర్ల గుండు) కావాలన్నాను. మీ కౌంటరు దగ్గరి అబ్బాయి పాయింట్ 45 (0.45 అంగుళాల గుండు) తరహా పాత నమూనాలో, కొద్దిగా వాడిన పిస్తోలు ఒకటి తీసి చూపించాడు. "ఇది తట్టుకుంటుందా?" అని అడిగితే, "బ్యారెల్ మీద పది అని రాసి ఉంది కదా అంకుల్, పది అంటే పదే" అన్నాడు. ఆ మాట నమ్మి 980 డాలర్లు కట్టాను.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. ఆ చదువు ఆ రోజు ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. తరవాత కూర్చుని వేసిన లెక్క మీ ముందు పెడుతున్నాను. పాయింట్ 45 తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 21,000 పౌండ్లు. 10 ఎంఎం తూటాకు 37,500. ఒత్తిడి సంగతి బ్యారెల్ చూసుకుంటుంది, సరే. ఫ్రేమును, అంటే పిడి ఉన్న కింది భాగాన్ని, విరగ్గొట్టేది వెనక్కి వచ్చి గుద్దే స్లయిడ్, అంటే పైన జారే ఉక్కు భాగం. పాయింట్ 45లో 230 గ్రెయిన్ల (దాదాపు 15 గ్రాముల) గుండు సెకనుకు దాదాపు 850 అడుగుల వేగంతో పోతుంది. 1983లో 10 ఎంఎం మొదటిసారి బజారులోకి వచ్చినప్పుడు 200 గ్రెయిన్ల గుండుకు 1,200 అడుగుల వేగం ఇచ్చారు. మందు వాయువు లెక్క పక్కన పెట్టినా, ఒకే బరువున్న స్లయిడ్ మీద పడే శక్తి ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఎడ్లబండి ఇరుసు మీద లారీ సరుకు ఎక్కించినట్టు!

ఈ విషయం తుపాకుల వ్యాపారంలో ఉన్నవారికి కొత్త కాదు. 1987లో కోల్ట్ సంస్థ పాయింట్ 45 తూటాకు చేసిన తన పాత 1911 నమూనాను 10 ఎంఎంకు మార్చి డెల్టా ఎలైట్ పేరుతో తెచ్చింది. తొలి పిస్తోళ్లలో కొన్నింటికి ఫ్రేములో స్లయిడ్ స్టాప్ (స్లయిడ్‌ను ఆపి ఉంచే మీట) గాడికి పైనుండే సన్నటి ఉక్కు పట్టీ చిట్లింది. తరవాత ఆ పట్టీని వాళ్లే కోసేశారు. నేను ఫోను చేసినప్పుడు మీ వారు ఈ కథే చెప్పి, "అక్కడ చిట్లడం మామూలే" అన్నారు. తయారుచేసేవాడు ఆలోచించి కోసిన పట్టీ వేరు, నా చేతిలో చిట్లిన పట్టీ వేరు. పైగా నా పిస్తోలులో చిట్లింది ఆ ఒక్క పట్టీయే అయితే ఈ ఉత్తరం రాసేవాడిని కాదు.

తుపాకులు బాగుచేసే మేస్త్రీ ఒకాయన దాన్ని విప్పి చూశారు. స్లయిడ్ వచ్చి తగిలే చోట ఫ్రేము లోపల నొక్కులు పడ్డాయి. స్లయిడ్ వేగాన్ని అదుపు చేసే స్ప్రింగు కొలిస్తే 16 పౌండ్లు తేలింది. అది మామూలు పాయింట్ 45 పిస్తోలుకు వేసే స్ప్రింగు. అంటే ఎవరో పాత పిస్తోలుకు బ్యారెల్ మార్చి, స్ప్రింగు సంగతి మరిచిపోయారు. మీరు దాన్ని విప్పి చూడకుండానే అద్దాల బీరువాలో పెట్టారు. కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు ఇరవై అడుగుల అవతల పడుతున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. బలంగా ఉంది కదా అని సంబరపడ్డాను. నా తప్పు అంతవరకే.

"మీరు మోతాదు మించిన తూటాలు వాడి ఉంటారు" అని మీ వారు అన్న మాట మాత్రం ఒప్పుకోను. ఆ తూటాలు కంపెనీ పెట్టెల్లోవే. పిస్తోలుతో పాటు అదే రసీదు మీద మీరే అమ్మారు. పెట్టెకు 50 చొప్పున ఎనిమిది పెట్టెలు. చివరి పెట్టెలో ఇంకా 14 మిగిలి ఉన్నాయి. 386 తూటాలకే ఇనుము పగిలింది.

ఇంకొక సంగతి. 10 ఎంఎం అనే ఒకే పేరు మీద రెండు రకాల బలం అమ్ముతున్నారు. 1986లో మయామీ కాల్పుల్లో తన ఏజెంట్లు ఇద్దరు చనిపోయాక ఎఫ్‌బీఐ ఈ తూటా వైపు చూసింది కానీ, పూర్తి బలంతో వాడలేదు. 180 గ్రెయిన్ల గుండును వేగం తగ్గించి వాడింది. ఆ బలానికి అంత పొడుగు తొడుగు అక్కర్లేదని 1990లో దాన్ని పొట్టి చేసి పాయింట్ 40 తెచ్చారు. మెత్తని రకం తూటాలతో నా పిస్తోలు మరికొన్నాళ్లు బతికేదేమో. "ఏ రకం కాలుస్తారు, ఎన్ని కాలుస్తారు?" అని మీ అబ్బాయి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడిగి ఉంటే, ఈ తూటా బలానికి తగ్గట్టుగా పెద్ద ఫ్రేముతో చేసిన గ్లాక్ 20 చూపించేవాడు. గ్రీన్‌లాండ్‌లో కుక్కబండ్ల మీద గస్తీ తిరిగే డెన్మార్క్ సైనికులు ధ్రువపు ఎలుగుబంట్ల భయానికి దాన్నే దగ్గర ఉంచుకుంటారు. ఉక్కుదే కావాలంటే బరువైన స్మిత్ అండ్ వెసన్ 1006 పాతది ఒకటి మీ బీరువాలోనే, రెండో అరలో ఉంది. నేను చూశాను. బరువెక్కువని అతనే పక్కన పెట్టాడు. ఆ బరువే కదా నాకు కావలసింది!

నేను కోరేవి ఇవి. పిస్తోలుకు కట్టిన 980 డాలర్లు, మేస్త్రీ పరీక్షకు ఇచ్చిన 65 డాలర్లు తిరిగి ఇవ్వండి. అదే అరలో అదే నమూనాది ఇంకొకటి "10 ఎంఎం, పందులకు భేషుగ్గా" అనే చీటీతో ఉంది. దాన్ని ఎవరికైనా అమ్మే ముందు విప్పించి, స్ప్రింగు కొలిపించండి. ఇది డబ్బు కంటే ముందు చేయవలసిన పని. పగిలిన ఫ్రేముతో కాల్చినవాడి చేతికి ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

పిస్తోలును విప్పిన స్థితిలోనే పెట్టెలో ఉంచాను. ఫ్రేము ఫొటోలు, మేస్త్రీ రాసిచ్చిన కాగితం, రసీదు నకలు దీనితో జతచేశాను. వచ్చే శనివారం ఉదయం పదకొండు గంటలకు స్వయంగా తీసుకువస్తాను. ఆ సమయానికి నన్ను అంకుల్ అని పిలిచిన అబ్బాయి కూడా కౌంటరు దగ్గర ఉండేలా చూడండి. అతని మీద నాకు కోపం లేదు. ఆ స్ప్రింగు ఒకసారి అతని చేతిలో పెట్టి చూపించాలని ఉంది.

ఇట్లు,
మీ దగ్గర కొన్న ఖాతాదారుడు