పెల్లెట్ డబ్బా మీద లెక్క కనపడాలి

సంపాదకులకు నమస్కారం.

మన షూటర్లు పతకం తెచ్చినప్పుడల్లా రైఫిల్ ఎంత, జాకెట్ ఎంత, విదేశీ కోచ్‌కి ఎంత ఇస్తున్నారు అని పత్రికల్లో వివరంగా వస్తుంది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం, రెండూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో వచ్చినవే. ఆ పోటీలో కాల్చే 4.5 మిల్లీమీటర్ల చిన్న సీసపు గుండు, అదే పెల్లెట్, గురించి మాత్రం ఎవరూ రాయరు. రైఫిల్‌దేముంది, అప్పో సప్పో చేసి ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతుంది. పెల్లెట్లు అలా కాదు. కాల్చినవి కాల్చినట్టే అయిపోతాయి.

మా అమ్మాయి ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. పోటీలో లెక్కలోకి వచ్చేవి 60 షాట్లు. ప్రాక్టీసులో రోజుకు వంద కాల్చకపోతే కోచ్ ఊరుకోరు. డబ్బాలో ఉండేవి 500. అంటే వారం తిరక్కుండానే డబ్బా ఖాళీ, నెలకు అయిదు డబ్బాలకు తక్కువ సరిపోవు. ఒక్క పెల్లెట్ మీద రూపాయి పెరిగితే డబ్బా మీద 500, నెలకు రెండున్నర వేలు. చిన్న జీతంతో నడిచే ఇంట్లో ఆ డబ్బు ఎక్కడో ఒకచోట కోత పెట్టే తేవాలి.

ధర ఊరికే పెరిగిందని నేననను. పోటీలకు పనికొచ్చే మంచి రకాలు ఎక్కువగా జర్మనీ, చెక్ రిపబ్లిక్‌ల నుంచి వస్తాయి. యూరో వంద రూపాయలు దాటి కూర్చుంది. మధ్యలో దిగుమతిదారుడు, డీలరు, చివర్న అకాడమీ వాళ్లు తలా కొంత వేసుకుంటారు. వాళ్లూ బతకాలి. నా గొడవ ధర గురించి కన్నా, అంత పెట్టి కొన్న డబ్బాలో ఏముందో కొన్నవాడికి తెలియకపోవడం గురించి.

ఈ ఆటలో అదెందుకంత ముఖ్యమో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పైగా ఇప్పుడు స్కోరు దశాంశాల్లో లెక్కిస్తారు, 10.2కీ 10.6కీ మధ్య ఫైనల్ పోతుంది. పెల్లెట్ తల సైజు 4.49, 4.50, 4.51 అని రకరకాలుగా ఉంటుంది. ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో సైజు, ఒక్కో బ్యాచ్, అంటే ఒకే విడతలో తయారైన సరుకు, కుదురుతుంది. అందుకే రైఫిల్‌ని బిగించి, రకరకాల బ్యాచ్‌లు కాల్చి చూసి, బాగా గుంపుగా పడిన బ్యాచ్‌వే నాలుగైదు డబ్బాలు తెచ్చి పెట్టుకుంటారు. ఈ సైజూ బ్యాచ్ నంబరూ కంపెనీవాళ్లు డబ్బా మీద వేసే పంపుతారు. మా దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా వాటి మీదే ధర స్టిక్కరు అంటించి ఉంటుంది. గోరుతో గీకితే స్టిక్కరుతో పాటు కింది అచ్చు కూడా లేచొస్తుంది. డబ్బా మీద అంత ఖాళీ చోటుండగా అక్కడే ఎందుకు అంటిస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ డబ్బా అయినా నయం. టోకున తెప్పించి, చిన్న ప్లాస్టిక్ కవర్లలో పోసి అమ్మేవి మరీ ఘోరం. పెల్లెట్ వెనక భాగం, స్కర్ట్ అంటారు, పల్చగా గంట అంచులా ఉంటుంది. సీసం మెత్తన కదా, ఒకదానికొకటి కొట్టుకుంటే ఆ అంచు నొక్కుకుపోతుంది. అలాంటి పెల్లెట్ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. మంచి డబ్బాల్లో మూత కింద స్పాంజి ముక్క పెట్టేది ఇందుకే. కవర్లో కొన్నవాటిని కాగితం మీద పోసి భూతద్దంతో ఏరడం మా ఇంట్లో రాత్రి పని అయింది. తెలియక అలాగే కాల్చిన పిల్లలు ట్రిగ్గర్ తామే సరిగా నొక్కలేదనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

ఒక కవరు మీద అనుమానమొచ్చి మా వీధి కంసాలి కొట్లో తూకం వేయించాను. రైఫిల్ పెల్లెట్ సుమారు 0.53 గ్రాములు, 500 అయితే 265 గ్రాముల దాకా తూగాలి. తూగలేదు. అమ్మినాయన్ని అడిగితే, ‘అందాజుగా పోస్తాం సార్, ఎవరు లెక్కపెడతారు?’ అన్నాడు. ఆ కవరు మీద సంఖ్య లేదు, తయారీ నెల లేదు, ఎమ్మార్పీ లేదు, ఏ దేశానిదో కూడా లేదు.

ప్యాకెట్‌లో అమ్మే వస్తువు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, పరిమాణం, నెల, సంవత్సరం, అన్ని పన్నులూ కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెబుతున్నాయి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో కూడా వేయాలి. బిస్కెట్ ప్యాకెట్‌కి ఉన్న ఈ రూలు పెల్లెట్ ప్యాకెట్‌కి లేదా? గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్‌గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి పోలీసులు వీటివైపు చూడరు. ఆట సామాను కదా అని తూనికలు కొలతల శాఖవాళ్లూ చూడరు.

ఇంకొకటి, ఇవి సీసం. ఇంతవరకైతే ప్రమాదం లేదని చెప్పగలిగే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటుంది. పిల్లలకైతే మరీ చెడ్డది. కవర్లో ఒరుసుకుని రాలిన బూడిద రంగు పొడి వేళ్లకంటుకుంటుంది, ఆ వేళ్లతోనే టిఫిన్ డబ్బా తెరుస్తారు. కాల్చాక చేతులు కడుక్కోవాలని ప్యాకెట్ మీద తెలుగులో ఒక్క ముక్క ఉంటే ఎంత ఖర్చు? తిరునాళ్లలో బెలూన్లు కొట్టించే కుర్రాళ్ల సంగతి ఇంకా అన్యాయం. రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు గుళ్లు నోట్లో పెట్టుకుంటారు!

కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకు ఎంపికైతే నెలకు 10 వేల భత్యం వస్తుంది, పేరున్న షూటర్లకు దిగుమతి సుంకంలో మినహాయింపూ ఉంది. సంతోషమే. కానీ ఆ స్థాయికి వెళ్లేలోపు కాల్చే వేలాది పెల్లెట్లు తల్లిదండ్రుల జేబులోంచే కదా. రెండు రాష్ట్రాల రైఫిల్ సంఘాలూ, క్రీడా సంస్థలూ ఏడాదికి కావాల్సిన పెల్లెట్లు ఒకే బ్యాచ్‌గా నేరుగా తెప్పించి, సబ్ జూనియర్, జూనియర్ పిల్లలకు అసలు ధరకే ఇవ్వొచ్చు. షూటింగ్ రేంజిలో టార్గెట్ల వెనక కాల్చిన గుళ్లు పడే ట్రాపుల్లో పోగయ్యే సీసం అమ్మిన డబ్బు కూడా ఇందులో కలపొచ్చు. పది వేల పెల్లెట్లంటే అయిదు కిలోలకు పైనే సీసం మరి.

అది జరగడానికి టైమ్ పడుతుందనుకుంటే, స్పోర్ట్స్ షాపుల్లో, అకాడమీ కౌంటర్లలో ఒకసారి తనిఖీ చేయమని తూనికలు కొలతల శాఖ అధికారులను కోరుతున్నాను. ప్యాకెట్ మీద ఏమీ లేకుండా అమ్మితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చని తోటి తల్లిదండ్రులకు చెబుతున్నాను. నేను చేశాను. బిల్లు ఉందా అని అడిగారు. కాబట్టి బిల్లు తప్పకుండా తీసుకోండి.

— ఒక షూటర్ తండ్రి, హనుమకొండ