మా డెక్సా రిపోర్టుల్లో ‘కండ పెరిగింది’ అని రాసిన మాట గురించి

నమస్కారం అండీ. నెల్లూరు పొగతోటలోని మా స్కాన్ సెంటరుకు ఏడాదిగా వస్తున్న క్రీడాకారులకు, వాళ్ల అమ్మానాన్నలకు, కోచ్‌లకు ఒక విషయం చెప్పాలి. డెక్సా అంటే ఒంట్లో ఎముక, కొవ్వు, మిగతా మెత్తని భాగం ఎంతెంత ఉన్నాయో కొలిచే ఎక్స్-రే స్కాన్. మేమిచ్చిన ఆ రిపోర్టుల్లో కొన్నిటి మీద ‘కండ పెరిగింది’, ‘కండ తగ్గింది’ అని రాసిచ్చాం. వాటిని నమ్మకండి. తప్పు మిషనుది కాదు, మాది.

కోవూరు వైపు నుంచి వచ్చే ఒక కబడ్డీ అమ్మాయికి ఏప్రిల్‌లో సాయంత్రం పూట స్కాన్ చేశాం. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ప్రాక్టీసు ముగించుకుని నేరుగా వచ్చింది. మన ఎండలు తెలిసినవేగా, గొంతు ఆరిపోయి ఉంది పాపం. జూన్‌లో పొద్దున పదింటికి కారం దోసెలు తిని, బాటిల్ నీళ్లు తాగి వచ్చింది. ఈసారి కండ 1.6 కిలోలు పెరిగినట్టు చూపించింది. తిండి మార్చిన ఫలితమేనని కోచ్ సంబరపడ్డారు, మేమూ అవునన్నాం. నాలుగు రోజులకు వాళ్ల నాన్న ఫోన్ చేశారు. “సార్, పాప బరువు ఏప్రిల్‌లో ఉన్నంతే ఉంది. మరి ఆ కండ ఏమైపోయింది?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

డెక్సాలో రెండు వేర్వేరు శక్తుల ఎక్స్-రేలు ఒంట్లోంచి వెళ్తాయి. ఎముక, కొవ్వు, మిగతా మెత్తని భాగం వాటిని వేర్వేరుగా అడ్డుకుంటాయి. ఆ తేడాను బట్టే మిషను లెక్క కడుతుంది. రిపోర్టులో ‘లీన్’ అని ఉండేది ఆ మిగతా భాగమే. అందులో కండ ఒక్కటే ఉండదు. నీళ్లు, రక్తం, పేగులు, కడుపులో అరగని తిండి చాలావరకు అందులోకే వస్తాయి. లీటరు నీళ్లు తాగి పడుకుంటే లీన్ దాదాపు కిలో పెరుగుతుంది. అన్నం దండిగా తిన్నా అంతే. తిన్న అన్నం నుంచి వచ్చే చక్కెరను ఒళ్లు గ్లైకోజెన్ అనే రూపంలో కండలో దాచుకుంటుంది, అలా దాచుకునే ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. మేం ఆ లీన్‌నే కండ అని చదివి వినిపించాం.

ఆ ఫోన్ తర్వాత ఒప్పుకున్న 30 మందిని రెండేసి సార్లు, మధ్యలో టేబుల్ మీద నుంచి దింపి మళ్లీ పడుకోబెట్టి స్కాన్ చేశాం. ఈ పని మొదట్లోనే చేయాల్సింది. మా మిషను మీద, మా టెక్నీషియన్ చేతిలో, లీన్ సుమారు కిలో మారితే గానీ నిజంగా మారిందని చెప్పలేమని తేలింది. అంతకన్నా తక్కువ తేడా వస్తే ఇకపై ‘మార్పు తెలియలేదు’ అనే రాస్తాం. డబ్బు కట్టి వచ్చినవాళ్లకు ఆ మాట నిరాశగా ఉంటుందని తెలుసు. అయినా రాస్తాం.

క్రీడాకారులకు స్కాన్ ఇక పొద్దున 6 నుంచి 8:30 వరకే. పరగడుపున, మూత్రానికి వెళ్లొచ్చి, పల్చటి బట్టల్లో రండి. ముందు రోజు గట్టి ప్రాక్టీసు వద్దు, నీళ్లు మాత్రం మామూలుగా తాగండి. ఒంగోల్లోనో చెన్నైలోనో వేరే కంపెనీ మిషను మీద తీయించిన రిపోర్టును మా దానితో పోల్చకండి, లెక్క కట్టే పద్ధతే వేరు.

ఎమ్మారై ఎందుకు పెట్టరని ఇద్దరు కోచ్‌లు అడిగారు. దాంట్లో రేడియేషన్ ఉండదు, ఏ తొడలో ఎంత కండ ఉందో విడిగా కనిపిస్తుంది. కానీ ఖర్చు, సమయం ఎక్కువ. దెబ్బ తగిలిన కాలికైతే సరే గానీ, రెండు మూడు నెలలకోసారి చూసుకోవడానికి అక్కర్లేదు.

ఇంకో మార్పు మీకు నచ్చకపోవచ్చు. పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ‘కొవ్వు ఇంత శాతానికి దించాలి’ అనే టార్గెట్ ఇక రాయం. 1997లో అమెరికాలో బరువు తగ్గించుకునే ప్రయత్నంలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు దాదాపు నెల రోజుల్లోనే చనిపోయారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ కుస్తీలో మగవాళ్లకు 5 శాతం కన్నా తక్కువ కొవ్వుకు దిగకూడదని నియమం పెట్టారు. మన కబడ్డీలోనూ బరువు పరిమితి ఉంది, పోటీల ముందు పిల్లలు తిండి మానేయడం నేను చూస్తూనే ఉన్నాను. ఆటకు సరిపడా తినకపోతే ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు. శాతం తగ్గిందని మేం మెచ్చుకున్న పిల్లల్లో అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. నెలసరి తప్పుతుంటే స్కాన్ కన్నా ముందు డాక్టరమ్మకు చూపించండి.

జూన్ వరకు మా దగ్గర తీయించుకున్న క్రీడాకారులెవరైనా మళ్లీ రండి, డబ్బు తీసుకోం. రేడియేషన్ ఛాతీ ఎక్స్-రే కన్నా తక్కువే. గర్భిణులకు మాత్రం చేయం.

ఆ కబడ్డీ అమ్మాయి పోయిన వారం ఆరున్నరకే, పరగడుపున వచ్చింది. ఆ రోజు వచ్చిన లెక్కనే ఆమె మొదటి రిపోర్టుగా పెట్టుకున్నాం. ఏప్రిల్, జూన్ కాగితాల మీద ‘పోల్చకూడదు’ అని ఎర్ర సిరాతో రాసి, సంతకం పెట్టి వాళ్ల నాన్న చేతికిచ్చాను.