బూతులు మేం కలిపినవే

సంపాదకులకు,

ఇరవై రెండేళ్లు పౌరాణిక, సాంఘిక నాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ని. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుబ్బిశెట్టి అనే వ్యాపారి పాత్ర ఆర్యవైశ్యులను కించపరుస్తోందన్న అభ్యంతరాలతో 'చింతామణి' నాటక ప్రదర్శనను నిషేధించినప్పుడు, అడ్వాన్సు పుచ్చుకున్న రెండు ప్రోగ్రాములు పోయాయి. (మైకుసెట్టు బాకీ మాత్రం మేమే కట్టాం.) ఆ కోపంలో భావప్రకటన స్వేచ్ఛ అంటూ నేనూ గట్టిగానే అరిచాను.

ఇప్పుడు నిదానంగా చెబుతున్నాను. కాళ్లకూరి నారాయణరావు గారు ఆ నాటకం రాసింది వేశ్యావ్యసనాన్ని ఎండగట్టడానికి. స్టేజీ మీద సుబ్బిశెట్టి నోట మేం పలికించిన బూతుల్లో చాలావరకు ఆయన రాసినవి కావు. ఈలలు పడేకొద్దీ మేమే పెంచుకుంటూ పోయాం. మా వీధి కిరాణా కొట్టాయన కొడుకుని బడిలో 'ఏరా సుబ్బిశెట్టీ' అని ఏడిపించేవారట. ఆయన ఆ మాట చెప్పిన రోజు నాకు నోట మాట రాలేదు.

అలాగని మొత్తం నాటకాన్నే ఆపేయాలా? మేం కలిపింది తీసేయమంటే తీసేసేవాళ్లం. కథానాయకుడు బిల్వమంగళుడి పద్యాలేం పాపం చేశాయి? మూలంలో ఉన్నది ఉన్నట్టు ఆడతామని ఎవరైనా ముందుకొస్తే, అటక మీది పెట్టె దింపడానికి నేను రెడీ.

- ఒక పాత హార్మోనిస్టు, తెనాలి