మిరపకాయ నంబర్ ప్లేటు

ఆల్బకర్కీ,
అక్టోబరు 26

నాన్నా, అమ్మా, ఇద్దరికీ వందనాలు.

ఫోన్లో నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు గానీ సగం వినపడదని నాకు తెలుసు నాన్నా. అందుకే రాస్తున్నా. తమ్ముడు పెద్దక్షరాల్లో ప్రింటు తీయించి ఇస్తానన్నాడు. అమ్మకి నువ్వే చదివి వినిపించు, మధ్యలో నీకు నచ్చని ముక్కలు మింగకుండా.

ముందు ఒక సంగతి తేల్చాలి. నేను మెక్సికో దేశం పోలేదు. పెదనాన్న ఊరంతా అదే చెబుతున్నాడంటగా! నేనున్న న్యూ మెక్సికో అమెరికాలోనే ఒక రాష్ట్రం. ఈ తికమక పెదనాన్న ఒక్కడికే కాదులే. న్యూజెర్సీ ఎడిసన్‌లో నాతో డ్యూటీ చేసే నర్సు, అమెరికాలోనే పుట్టి పెరిగిన మనిషి, "పాస్‌పోర్టు సర్దుకున్నావా?" అని అడిగింది. ఇక్కడివాళ్లు ఈ ప్రశ్న విని విని ఎంత విసిగిపోయారో గానీ కార్ల నంబర్ ప్లేట్ల మీద రాష్ట్రం పేరు పక్కన 'యూఎస్ఏ' అని కూడా వేసుకుంటారు. తప్పు పూర్తిగా అడిగేవాళ్లదీ కాదు. 1821 దాకా ఇది స్పెయిన్ చేతిలో ఉంది, 1848 దాకా మెక్సికోది, 1912లో గానీ రాష్ట్రం కాలేదు.

పదమూడు వారాల కాంట్రాక్టులో పది అయిపోయాయి. న్యూజెర్సీ నర్సు లైసెన్సు ఇక్కడా చెల్లుతుంది కాబట్టి కొత్త పరీక్షల బాధ లేదు. మీ అల్లుడు, చిన్నది ఎడిసన్‌లో బాగానే ఉన్నారు. చిన్నది రోజూ వీడియోలో "ఇవాళ కొండ ఏ రంగు?" అని అడుగుతుంది. ఊరికి తూర్పున ఉన్న కొండ పొద్దుగూకే వేళ పుచ్చకాయ ముక్కలా ఎర్రబడుతుంది. దాని పేరే సాండియా. స్పానిష్‌లో పుచ్చకాయ అని అర్థం.

అమ్మా, ఇక్కడ మొదటి వారం నేను పప్పు ఉడకబెట్టలేకపోయా. నవ్వకు. కుక్కర్ ఎడిసన్‌లోనే వదిలేసి వచ్చా, గిన్నెలో గంటసేపు ఉడికించినా కందిపప్పు పలుకు పలుకుగానే ఉంది. పప్పు పాతదనుకుని పారబోసి ఇంకో పొట్లం తెచ్చా. అదీ అంతే. చివరికి వార్డులో ఒకామె చెప్పింది. ఈ ఊరు సముద్రం కంటే 5,300 అడుగుల ఎత్తున ఉందంట. ఇంత ఎత్తులో నీళ్లు వంద డిగ్రీల దాకా పోవు, 95 దగ్గరే మరిగిపోతాయి. కళ్లెదుట తెర్లుతున్నా వాటిలో ఉండాల్సినంత వేడి ఉండదు. నర్సింగులో చదువుకున్నదే ఇది, పొయ్యి దగ్గర గుర్తుకు రాలేదు. కుక్కర్ కొన్నాక నా బతుకు బాగుపడింది.

గాలి మాత్రం నీకు నచ్చుతుంది. ఏడాది మొత్తం మీద పడేది తొమ్మిది అంగుళాల వాన. పెదాలు పగులుతాయి, ముక్కులోంచి నెత్తురొస్తుంది, కానీ ఊరమిరపకాయలు ఒక్క ఎండకే గలగలమన్నాయి! ఇళ్ల మీద ఏసీలకి బదులు మన గడ్డి కూలర్ల లాంటివే పెద్ద సైజులో పెట్టుకుంటారు. న్యూజెర్సీలో ఇన్నేళ్లున్నా నా కంట పడలేదు. అక్కడి చెమట గాలిలో అవి పనిచేయవు మరి.

ఇక నాన్నా, అసలు కబురు నీది.

నేను దిగిన వారానికే సూపర్‌మార్కెట్ ముందు కార్లు పెట్టే చోట పొగ, ఘాటు. దగ్గు తన్నుకొచ్చింది. మార్చిలో మన మిర్చి యార్డు గేటు దగ్గర దిగినట్టే ఉంది. చూస్తే ఒక ఇనుప జల్లెడ పీపా, కింద గ్యాస్ మంట. అందులో గోతం గోతం పచ్చిమిరపకాయలు పోసి గిరగిరా తిప్పుతున్నారు. తోలు నల్లగా పొక్కి చిటపటలాడుతుంటే తీసి సంచిలో మూట కట్టి ఇస్తున్నారు. జనం వరసలో నిలబడి, ఒక్కొక్కరు పదిహేను పదహారు కిలోలు ఆ వేడి మీదే కారు డిక్కీలో వేసుకుని పోతున్నారు. ఇంటికెళ్లి తోలు ఒలిచి, చిన్న చిన్న పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెడితే మళ్లీ ఆగస్టు దాకా అదే. మనకి మేలో ఆవకాయ హడావుడి ఎట్లానో వీళ్లకి ఆగస్టు, సెప్టెంబరు అట్లా. ఎవరి ఫ్రీజర్ నిండింది, ఎవరిది నిండలేదు అనే మాటలే వార్డులో.

ఆ కాలే వాసన ఉంది చూశావూ, దాన్ని 2023లో చట్టం చేసి రాష్ట్ర అధికారిక వాసనగా ప్రకటించుకున్నారు. రాష్ట్ర పక్షి, రాష్ట్ర చెట్టు విన్నాం గానీ వాసన ఎక్కడన్నా విన్నావా? అంతటితో ఆగలేదు. రాష్ట్రానికి అధికారికంగా ఒక ప్రశ్న కూడా ఉంది: "ఎర్రదా, పచ్చదా?" హోటల్లో ఏది అడిగినా ముందు ఇదే అడుగుతారు. దాని మీద పోసేది ఎర్ర కారమా, పచ్చ కారమా అని. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. మొదటిసారి సర్వరు నవ్వుతూ చెబితే, ఆగస్టులో క్రిస్మస్ ఏంటా అని బిత్తరపోయా.

నీకు కోపమొచ్చే మాట ఒకటుంది. యూఎస్ఏ ప్లేటు గురించి చెప్పానే, అందులోనే ఒక రకం మీద పచ్చది ఒకటి, ఎర్రది ఒకటి మిరపకాయ బొమ్మలు, కింద "ప్రపంచ మిరప రాజధాని" అని రాత. గుంటూరు పిల్లని, నా ముందు అట్లాంటి కారు పార్కు చేసి ఉంటే ఎట్లా ఉంటుంది! వెంటనే వాళ్ల పచ్చకారం ప్లేటు తెప్పించుకుని తిన్నా. మన తేజా ముందు అది బజ్జీ మిరపకాయ. పక్కన కూర్చున్నాయన ముక్కు చీదుకుంటూ తింటున్నాడు. నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు, మన పరువు నిలబెట్టా. రుచి మాత్రం వేరే నాన్నా, కారం తక్కువని రుచిని తగ్గించి చెప్పడం అన్యాయమవుతుంది. కాల్చిన వంకాయ పచ్చడిలో వచ్చే కమ్మదనం ఉంది చూడు, అది. ఎర్రది ఎండు కాయలు నానబెట్టి రుబ్బుతారు. చింతపండు పడుంటే మన చేతి పచ్చడే.

ఎండు కాయల్ని దారానికి గుత్తులు గుత్తులుగా కట్టి గుమ్మం పక్కన వేలాడదీస్తారు, మనిషెత్తు దండలు. దిష్టికా అని అడిగా. కాదంట, ఎండబెట్టడానికంట, తర్వాత అందానికి అలవాటైందంట.

ఇంకోటి తెలుసా? మిరపకాయ మనది కాదు. బడిలో చెప్పే ఉంటారు, నేను విన్లేదు. కొలంబస్ 1492లో ఇటు వచ్చేదాకా మన వైపు మిరపకాయ మొహమే ఎవరూ చూడలేదు, ఆ తర్వాత పోర్చుగీసు వాళ్లు ఓడల్లో తెచ్చారు. అంతకుముందు మన తాతల తాతలకి కారమంటే మిరియాలు, పిప్పళ్లు. ఈ మాట యార్డులో అనకు, కొడతారు.

మట్టి ఇళ్ల సంగతి అమ్మకి. మట్టి, గడ్డి కలిపి ఇటుక పోసి, ఎండబెట్టి, పైన మళ్లీ మట్టి మెత్తుతారు. ఉత్తరాన ఒక పాత చర్చి ఉంది, ఏటా ఊరి జనమే వచ్చి దాని గోడలు మట్టితో మెత్తుతారు. పాత రోజుల్లో ఆ పని ఆడవాళ్లదేనంట. రాష్ట్ర రాజధాని శాంటా ఫేలో డబ్బున్నవాళ్లు అట్లాంటి ఇంటి కోసం ఎగబడతారు. మన మట్టి మిద్దె కూలగొట్టి డాబా వేసినప్పుడు నువ్వు రెండ్రోజులు అన్నం తినలేదు, మేమంతా నిన్ను నవ్వాం. ఆ నవ్వు వెనక్కి తీసుకుంటున్నా.

ఇప్పుడు మా వార్డులో పెద్దాయన గురించి రాయాలి. కాలి పుండుతో వచ్చి పద్దెనిమిది రోజులైంది, షుగరు మనిషి. ఆయనది ఉత్తరాన చిమాయో అనే ఊరి దగ్గర పల్లె. డ్రెస్సింగు చేస్తుంటే నొప్పి సంగతి ఎత్తడు, చేలో ఎర్ర కాయలు కోసేవాళ్లు దొరికారో లేదో అని కొడుక్కి ఫోన్. ఒకరోజు మా నాన్నది కూడా మిరప చేనే అన్నా. అంతే, ఆ రోజు నుంచి నేను ఆయనకి నర్సుని కాదు.

వాళ్ల ఊళ్లో ఏటి నుంచి తవ్విన మట్టి కాలువ ఉంది. దాన్ని అసేకియా అంటారు. ఇట్లాంటివి ఈ రాష్ట్రంలో దాదాపు 700 ఉన్నాయంట, కొన్ని మూడొందల ఏళ్ల నాటివి. మాట అరబ్బీది, పద్ధతి స్పెయిన్ వాళ్లు తెచ్చింది. కాలువ కింద రైతులంతా కలిసి ఒక పెద్దని ఎన్నుకుంటారు, మయొర్దోమో. ఎవరికి ఏ రోజు, ఎన్ని గంటలు నీళ్లన్నది ఆయన చెప్పిందే. వసంతంలో నీళ్లు వదిలే ముందు ఇంటికొక మనిషి పార పట్టుకుని వచ్చి పూడిక తీయాలి, రానివాళ్లు డబ్బు కట్టాలి. పెద్దాయన చాలా ఏళ్లు ఆ పని చేశాడు. రాత్రి రెండింటికి ఎవడు తలుపు తీసి నీళ్లు మళ్లించుకున్నాడో బురదలో అడుగు చూసి చెప్పేవాడంట.

నేను మన సాగర్ కుడి కాలువ గురించి చెప్పా. మేజరు కాలువ, తూములు, నీళ్లు వదిలే లస్కరు, చివరి భూములకి నీళ్లు రాక కొట్లాటలు. నువ్వు టార్చిలైటు, పార తీసుకుని రాత్రిళ్లు కాలువ గట్టు మీదకి పోవడం, తెల్లారి కళ్లెర్రగా రావడం. 1997 చట్టం తర్వాత నీటి సంఘం ఎన్నికలు పెడితే నువ్వు నిలబడి పదకొండు ఓట్లతో ఓడిపోవడం కూడా చెప్పా, ఏమనుకోకు. ఆయన పడీపడీ నవ్వి, "గెలిచినవాడికి స్నేహితులు మిగలరని మీ నాన్నకి చెప్పు" అన్నాడు.

ఆయన మాట మీదే సెలవు రోజు చిమాయో వెళ్లొచ్చా. చిన్న మట్టి చర్చి, 1816లో పూర్తయింది. పక్క గదిలో నేల మీద గుండ్రటి గుంట, అందులో మట్టి. ఆ మట్టి రాసుకుంటే జబ్బులు పోతాయని నమ్మకం. గోడకి వదిలేసి పోయిన చేతికర్రలు వరసగా ఉన్నాయి. గుడ్ ఫ్రైడేకి వేల మంది నడిచి వస్తారంట. ఫిబ్రవరిలో గుణదల కొండెక్కుతూ అమ్మ నా చెయ్యి పిండేసేది గుర్తొచ్చి అక్కడే కాసేపు కూర్చుండిపోయా. ఆ మట్టి కొంచెం పొట్లం కట్టి తెచ్చి పెద్దాయనకి చూపించా. "గుంట ఖాళీ అయితే ఫాదర్లే పక్క కొండ మట్టి తెచ్చి పోస్తారు, దాచేదేం లేదు" అన్నాడు. అని, అరచెయ్యి చాపాడు. పుండు మీద మాత్రం వేయనివ్వనని చెప్పి చిటికెడు పెట్టా. దిండు కింద దాచుకున్నాడు.

నువ్వడిగిన విత్తనాలు తేలేను నాన్నా. కాగితాలు లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులోనే లాక్కుంటారు. బయటి నుంచి వచ్చిన ఆ నల్ల తామర పురుగు 2021లో మన చేలని ఏం చేసిందో చూశాక నాకూ తేవాలని లేదు.

అసలు ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి ఒక కారణముంది. మొన్న పెద్దాయన అడిగాడు, "మీ నాన్న మిరపకి ఎన్ని తడులు పెడతాడు?" అని. కాలువలో నీళ్లొచ్చినప్పుడు పెడతాడన్నా. "అది జవాబు కాదు. నాటిన దగ్గర్నుంచి కోత దాకా ఎన్ని? ఎన్నాళ్లకొకటి?" నాకు తెలియలేదు నాన్నా. తేజా రేటు తెలుసు, మిర్చి టిక్కీ బస్తా బరువు తెలుసు, ఆ డబ్బుతోనే చదువుకున్నా, ఇది మాత్రం తెలియదు. నల్లరేగడి అని మాత్రం చెప్పగలిగా. "నల్లమట్టా? అయితే తక్కువే పట్టాలి" అన్నాడు. నిజమేనా? సోమవారం ఆయన్ని ఇంటికి పంపేస్తారు. ఆలోపు తమ్ముడి ఫోన్లో వాయిస్ పెట్టించు. కొంచెం మెల్లగా మాట్లాడు, నేను ఆయనకి ఇంగ్లీషులో చెప్పాలి.

మీ కూతురు